దాచిన నంబర్లు పట్టుకునే ఆట: 24 అట్టముక్కలతో ఇంట్లోనే ఎలా ఆడాలి

పిల్లలూ పెద్దలూ కలిసి కూర్చుని ఆడే ఆట దొరకడం కష్టం. పాచికల ఆటైతే పెద్దవాళ్లకు పది నిమిషాల్లో ఆవలింతలు వస్తాయి. చదరంగమైతే పిల్లవాడు వరసగా మూడుసార్లు ఓడిపోయి లేచి వెళ్లిపోతాడు. ఈ రెంటికీ మధ్య చక్కగా సరిపోయేది దాచిన నంబర్లు పట్టుకునే ఆట. 0 నుంచి 11 దాకా ఏది పెద్దదో ఏది చిన్నదో తెలిస్తే చాలు, ఎవరైనా ఆడొచ్చు. అదృష్టం కొంచెం ఉంటుంది కాబట్టి చిన్నవాళ్లు కూడా గెలుస్తారు. బుర్ర పెట్టాల్సింది బోలెడు ఉంటుంది కాబట్టి పెద్దవాళ్లకూ విసుగు రాదు.

దీన్ని రూపొందించింది జపాన్‌కు చెందిన ఎయిజీ వకాసుగి. 2002లో వచ్చింది. కోడా అనీ, డావిన్సీ కోడ్ అనీ రెండు పేర్లతో పెట్టెల్లో దొరుకుతుంది. ఇద్దరి నుంచి నలుగురి దాకా ఆడొచ్చు. ఒక్కో ఆట పావుగంటలో అయిపోతుంది, ఆ తర్వాత "ఇంకొక్కటి" అంటూ గంట గడిచిపోతుంది. పెట్టె కొన్నా సరే, కొనకపోయినా సరే. కింద చెప్పేది అట్టముక్కలతో సొంతంగా చేసుకుని ఆడే పద్ధతి.

ముందే ఒక మాట. దీన్ని "ఊహించే ఆట" అని పరిచయం చేస్తే పిల్లలు నోటికొచ్చిన నంబరు చెప్పేస్తారు. "కొట్టేసే ఆట" అని చెప్పండి. ఉండటానికి వీల్లేని నంబర్లను ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ పోతే మిగిలినదే జవాబు. ఈ ఒక్క మాటతో ఆడే తీరే మారిపోతుంది.

బిళ్లలు చేసుకోవడం

కావలసినవి 24 బిళ్లలు. నల్లవి 12, తెల్లవి 12. రెండు రంగుల్లోనూ 0 నుంచి 11 వరకు ఒక్కో నంబరు ఒక్కోసారి వస్తుంది. నలుపు, తెలుపే కానక్కర్లేదు, ఏ రెండు రంగులైనా పరవాలేదు. కానీ బిళ్ల రంగు వెనక నుంచి కూడా కనిపించాలి. ఈ ఆటలో నంబరు రహస్యం, రంగు రహస్యం కాదు. చాలామంది మొదటిసారి చేసేటప్పుడు ఇక్కడే పొరబడతారు. ముందువైపు రంగు వేసి వెనక తెల్లగా వదిలేస్తే సగం ఆట పోయినట్టే.

మందపాటి రంగు కాగితాన్ని నాలుగు సెంటీమీటర్ల వెడల్పు, ఎనిమిది సెంటీమీటర్ల పొడవు ముక్కలుగా కత్తిరించి, పొడవును సగానికి మడవండి. గుడారంలా నిలబడుతుంది. ఒకవైపు మాత్రమే నంబరు రాయండి. మార్కర్‌తో రాస్తే సిరా మడత అవతలికి కనిపిస్తుందేమో వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడండి. కనిపిస్తే లోపల ఇంకో కాగితం అంటించండి.

6 కిందా 9 కిందా గీత గీయడం మరవకండి. నిలబెట్టినంతసేపూ ఇబ్బంది ఉండదు. బయటపడిన బిళ్లను పడుకోబెట్టగానే ఎదురుగా కూర్చున్నవాళ్లకు 6 కాస్తా 9 అయిపోతుంది. మా ఇంట్లో ఇలా ఒక ఆట మొత్తం తగలబడింది. ఇద్దరూ లెక్క తప్పలేదు, ఒకే బిళ్లను ఇద్దరూ రెండు రకాలుగా చదివారు అంతే.

మూలలు నలిగిన బిళ్ల, మరక పడిన బిళ్ల కనిపిస్తే వెంటనే మార్చేయండి. "అంచు చిరిగింది తెల్ల 8" అని పిల్లలు రెండో రోజుకే గుర్తుపెట్టుకుంటారు. వాళ్ల జ్ఞాపకశక్తి ముందు మన తర్కం ఎందుకూ పనికిరాదు.

కత్తిరించే ఓపిక లేకపోతే, వెనకవైపు రంగులు వేరుగా ఉన్న రెండు పేకలు తీసుకోండి. ఒక్కో పేకలోంచి ఏదో ఒక గుర్తువి ఆసు నుంచి రాణి వరకు తీస్తే పన్నెండేసి వస్తాయి. ఆసును 1గా, జాకీని 11గా, రాణిని 12గా లెక్కపెట్టండి. ఒక పేకను నల్ల జట్టు, ఇంకోదాన్ని తెల్ల జట్టు అనుకోవాలి. చేతిలో విసనకర్రలా పట్టుకుంటే ఎదుటివాళ్లకు వెనక రంగులు కనిపిస్తాయి. బయటపడిన ముక్కను వరసలో ఉన్నచోటే తిప్పి, నంబరు ఎదుటివాళ్లకు కనబడేలా పెడితే సరి.

పంచడం, పేర్చడం

బిళ్లలన్నీ బోర్లా వేసి బాగా కలపండి. మడిచిన కాగితాలైతే నంబరు వైపు కిందికి ఉండేలా పడుకోబెట్టాలి. ఇద్దరు లేదా ముగ్గురు ఆడితే మనిషికి నాలుగు, నలుగురైతే మనిషికి మూడు. ఎవరివి వాళ్లే కుప్పలోంచి తీసుకోవాలి. ఏ రంగువి ఎన్ని తీసుకోవాలన్నది వాళ్లిష్టం. మిగిలినవి మధ్యలో అలాగే బోర్లా ఉంటాయి.

ఇప్పుడు మీ బిళ్లలను మీకు మాత్రమే నంబర్లు కనిపించేలా నిలబెట్టి, మీ ఎడమ నుంచి కుడికి చిన్నదాని నుంచి పెద్దదానికి పేర్చండి. ఒకే నంబరు రెండు రంగుల్లోనూ వస్తే నల్లది ఎడమవైపు, తెల్లది దాని పక్కన కుడివైపు. ఈ చిన్న నియమాన్ని అందరూ తేలిగ్గా తీసుకుంటారు. ఆట చివర్లో చాలాసార్లు గెలిపించేది ఇదే. అదెలాగో కాసేపట్లో చూద్దాం.

మీకు ఎడమవైపున్నది ఎదురుగా ఉన్నవాళ్లకు కుడివైపు కనిపిస్తుంది. అంటే మీరు ఎదుటివాళ్ల వరసను చూస్తున్నప్పుడు, వాళ్ల చిన్న నంబరు మీ కుడిచేతి వైపు ఉంటుంది. పెద్దవాళ్లు కూడా ఇందులో తికమక పడతారు. మొదటి రెండు ఆటల్లో ప్రతి ఒక్కరూ తమ వరసలో చిన్న నంబరు ఉన్న చివర ఒక బటనో, పెన్సిలో పెట్టుకుంటే ఆ గొడవ ఉండదు.

పేర్చాక, మొదలుపెట్టే ముందు అందరూ తమ బిళ్లల మీద ఎడమ నుంచి కుడికి వేలు పోనిచ్చి మనసులో ఒకసారి చదువుకోవాలి. ఇది ఎందుకంటే, ఒకసారి మా అక్క కొడుకు వరస ముందు ఇరవై నిమిషాలు తల పట్టుకు కూర్చున్నాను. రెండోది 3 నుంచి 6 లోపే ఉండాలి. ఆ రంగులో 3, 4, 6 నా దగ్గరా బయటా ఉన్నాయి. కాబట్టి 5 అయి తీరాలి. కాదన్నాడు. చివరికి తెరిచి చూస్తే వాడు పేర్చింది 2, 7, 5, 9. వాడి ముఖంలో ఏ దోషమూ లేదు, నిజంగానే గమనించలేదు. అప్పటి నుంచి మా ఇంట్లో వేలు పెట్టి చదవనిదే ఆట మొదలవదు.

ఒక వంతులో జరిగేది

మీ వంతు రాగానే మధ్య కుప్పలోంచి ఒక బిళ్ల తీయండి. మీరు మాత్రమే చూసుకోండి. దాన్ని ఇంకా వరసలో పెట్టకండి, పక్కన విడిగా ఉంచండి. దానికి "పందెం బిళ్ల" అని పేరు పెట్టుకుంటే పిల్లలకు సులువుగా అర్థమవుతుంది.

తర్వాత ఎదుటివాళ్లలో ఎవరిదైనా దాచి ఉన్న ఒక బిళ్లను వేలితో చూపించి దాని నంబరు చెప్పండి. "ఇది నల్ల 4." రంగు ఎలాగూ కనిపిస్తోంది కాబట్టి నంబరు చెబితే చాలు, కానీ రంగుతో కలిపి చెప్పడం అలవాటు చేసుకుంటే వింటున్న మిగతావాళ్లకూ స్పష్టంగా ఉంటుంది.

మీరు చెప్పింది సరైతే వాళ్లు ఆ బిళ్లను తెరిచి అందరికీ కనిపించేలా పడుకోబెడతారు. అప్పుడు మీకు రెండు దారులు. అదే వంతులో ఇంకో బిళ్ల చెప్పొచ్చు, లేదా ఇక చాలని ఆపేయొచ్చు. ఆపితే పందెం బిళ్లను నంబరు కనబడకుండానే మీ వరసలో దాని చోట పెట్టుకుంటారు.

తప్పైతే పందెం బిళ్లను తెరిచి, అందరూ చూసేలా మీ వరసలో దాని చోట పెట్టాలి. వంతు పక్కవాళ్లకు వెళ్తుంది.

మధ్య కుప్ప అయిపోయాక పందెం బిళ్ల ఉండదు. అప్పుడు తప్పు చెబితే మీ దాచిన బిళ్లల్లో మీకు నచ్చినదొకటి తెరవాలి. బిళ్లలన్నీ బయటపడ్డవాళ్లు ఆట నుంచి తప్పుకుంటారు. కనీసం ఒక్క బిళ్లయినా దాచుకుని చివరిదాకా మిగిలినవాళ్లదే గెలుపు.

జవాబు చెప్పేవాళ్లు "అవును", "కాదు" తప్ప ఇంకేమీ అనకూడదు. "అబ్బ, కొంచెంలో పోయింది!" అన్నారంటే సగం చెప్పేసినట్టే. నవ్వు ఆపుకోవడం పిల్లలకు ఎటూ చేతకాదు, దాన్ని ఆటలో భాగం అనుకోండి.

మొదటిసారి ఈ నియమాలన్నీ వరసగా వినిపించకండి. ఒక ఆట అన్ని బిళ్లలూ అందరికీ కనిపించేలా పెట్టి ఆడి చూపించండి. ఐదు నిమిషాల్లో అందరికీ పట్టుబడుతుంది.

చీటీ ఎలా వాడాలి

జ్ఞాపకం మీద ఆడటం గొప్పగానే ఉంటుంది, కానీ మొదట్లో తలా ఒక కాగితం, పెన్సిలు ఇవ్వండి. పైన ఒక వరసలో 0 నుంచి 11 వరకు రాసి పక్కన "న" అని, కింద మరో వరస రాసి "తె" అని పెట్టుకోవాలి. మీ చేతిలో ఉన్నవి ముందు కొట్టేయండి. తీసిన ప్రతి పందెం బిళ్లనూ, ఎదుటివాళ్లది బయటపడిన ప్రతి బిళ్లనూ కొట్టేస్తూ ఉండండి. ఎవరైనా తప్పు చెబితే ఆ నంబరు మీద ఎవరి వరసలో ఎన్నోది కాదో చిన్నగా రాసుకోండి. ఆట సగానికి వచ్చేసరికి ఒక్కో రంగులో ఐదారు నంబర్లే మిగులుతాయి, అప్పుడు చీటీయే మాట్లాడుతుంది. చీటీ పక్కవాళ్ల కంటపడకుండా చేయి అడ్డం పెట్టుకోవాలి, లేదంటే మీ చేతిలో ఉన్నవన్నీ వాళ్లకు రాసిచ్చినట్టే.

మొదటి దెబ్బ ఎక్కడ వేయాలి

కొత్తవాళ్లు మధ్య బిళ్ల మీదకే వెళ్తారు, ఎందుకో మరి. నేనైతే చివర్ల నుంచే మొదలుపెడతాను. కారణం ఒక ఉదాహరణతో లెక్కేసి చూద్దాం.

ఇద్దరే ఆడుతున్నారు. మీ చేతిలో నల్ల 0, నల్ల 3, తెల్ల 3, తెల్ల 8 ఉన్నాయి. పందెం బిళ్లగా తెల్ల 6 వచ్చింది. ఎదుటివాళ్ల వరస చిన్నదాని నుంచి చూస్తే నలుపు, తెలుపు, తెలుపు, నలుపు. ఇంకా ఒక్క నంబరూ బయటపడలేదు.

ముందు రంగులు ఏం చెబుతున్నాయో చూడండి. మొదటి నల్లదీ దాని పక్క తెల్లదీ ఒకే నంబరు కావొచ్చు, ఎందుకంటే సమానమైతే నలుపే ఎడమ. కానీ మూడో స్థానంలోని తెలుపు తర్వాత నలుపు వచ్చింది. అవి సమానం కాలేవు. సమానమైతే నలుపు ముందు ఉండేది. అంటే చివరి నల్లది ఆ తెల్లదానికంటే కచ్చితంగా పెద్దది. చివరిది ఎంత పెద్దదైనా 11 కాబట్టి మూడోది 10 దాటదు, రెండోది 9 దాటదు, మొదటిది కూడా 9 దాటదు. ఒక్క నంబరూ చూడకుండానే ఇంత తెలిసింది.

ఇప్పుడు మీ దగ్గరున్న ఐదూ తీసేసి, ఈ రంగుల వరసకు సరిపోయే కలయికలన్నీ లెక్కపెడితే 161 వస్తాయి. వాటిలో మొదటిది నల్ల 1 అయ్యేవి 72. అంటే నూటికి 45 సార్లు. నల్ల 0 మీ దగ్గరే ఉంది కదా, అందుకే చిన్న చివర 1 మీదే బరువంతా పడింది. చివరిది నల్ల 11 అయ్యేవి 60, నూటికి 37 సార్లు. మధ్యలో రెండింటి సంగతి? ఏ నంబరు తీసుకున్నా 40 కలయికలకు మించి రావు. నూటికి 25 మాత్రమే. మధ్య బిళ్లకు రెండువైపులా జరగడానికి చోటుంటుంది, చివరి బిళ్లకు ఒకవైపు గోడ ఉంటుంది. అదీ తేడా.

కాబట్టి చిన్న చివరను చూపించి నల్ల 1 అనండి. ఆడుతూ ఆడుతూ 161 లెక్కపెట్టమని ఎవరూ అడగరు. "ఈ చివర 0, 1 నా దగ్గర ఉన్నాయా? ఆ చివర 10, 11 నా దగ్గర ఉన్నాయా?" అని చూసుకుంటే చాలు. మీ చేతిలో ఏ చివరవి ఎక్కువుంటే ఎదుటివాళ్ల ఆ చివర అంత ఇరుకు.

ఆపాలా, ఇంకోటి చెప్పాలా

నల్ల 1 సరేనన్నారనుకోండి. ఇప్పుడు ఒళ్లంతా ఉత్సాహం, నల్ల 11 కూడా చెప్పేద్దామనిపిస్తుంది. ఆగండి. మిగిలిన 72 కలయికల్లో చివరిది 11 అయ్యేవి 21. నూటికి 29 మాత్రమే. ఇందాకటి 37 కాస్తా తగ్గింది. మొదటిది 1 అని తేలాక మిగతా మూడింటికీ విశాలంగా చోటు దొరికింది, కింది నంబర్లలోనూ అవి సర్దుకోగలవు. ఒక జవాబు సరైతే తర్వాతది ఇంకా సులువవుతుందని అనుకుంటాం, ఇక్కడ ఉల్టా జరిగింది.

తప్పితే పోయేది తెల్ల 6. మీ వరసలో అది తెల్ల 3కూ తెల్ల 8కీ మధ్య కూర్చుంటుంది. అది బయటపడిందంటే దానికి ఎడమవైపు మూడూ 6 కంటే చిన్నవి (తెల్ల 6కు ముందు నల్ల 6 కూడా ఉండొచ్చు, అది వేరే సంగతి), కుడివైపుది 7 నుంచి 11 లోపు తెల్లది అని ఎదుటివాళ్లకు తెలిసిపోతుంది. ఒక్క బిళ్ల మీ వరసను రెండుగా కోసేస్తుంది. అదే పందెం బిళ్లగా నల్ల 11 వచ్చి బయటపడితే పెద్ద నష్టం లేదు. మిగతావన్నీ 11 లోపే అని అందరికీ ముందే తెలుసు కదా.

అందుకే నేను పాటించే పద్ధతి ఇది: పందెం బిళ్ల 0, 1, 10, 11 లాంటిదైతే ధైర్యం చేస్తాను. 4 నుంచి 7 లోపుదైతే, అడగబోయే బిళ్లకు రెండుకు మించి అవకాశాలుంటే ఆపేస్తాను. పిల్లలకు ఇది చెప్పినా వినరు, వరసగా మూడు చెప్పేస్తారు. అప్పుడప్పుడూ మూడూ సరైపోతాయి, ఇక ఆ సాయంత్రమంతా వాళ్లను పట్టలేం.

ఇరుకైన చోట్లు

నలుపు ఎడమ, తెలుపు కుడి అనే నియమం ఆట చివర్లో గెలిపిస్తుందన్నాను. ఎదుటివాళ్ల వరసలో తెల్ల 4, తెల్ల 6 బయటపడ్డాయి, వాటి మధ్య దాచిన నల్ల బిళ్ల ఒకటుంది. అది నల్ల 4 కాదు, నల్ల 4 అయితే తెల్ల 4కు ఎడమవైపు ఉండేది. నల్ల 5 కావొచ్చు, నల్ల 6 కూడా కావొచ్చు, ఎందుకంటే నల్ల 6 తెల్ల 6కు ముందే ఉంటుంది. చాలామంది 5 ఒక్కటే అనుకుని దెబ్బతింటారు.

రెండు పక్కలా నల్ల 4, నల్ల 6 ఉండి మధ్యలో తెల్లదుంటే? అప్పుడు తెల్ల 4 లేదా తెల్ల 5. ఒకవైపు తెల్ల 4, మరోవైపు నల్ల 6 ఉంటే మాత్రం ఇక దాపరికం లేదు. మధ్యలో ఉన్నది ఏ రంగుదైనా 5 అయి తీరాలి. ఈ మూడు కేసులూ బిళ్లలు పేర్చి పిల్లల చేత చెప్పించండి, ఒక్కసారి పట్టుబడితే మళ్లీ మరచిపోరు.

వినడం

ఇద్దరి ఆటలో కంటే ముగ్గురి ఆటలో ఎక్కువ మజా ఉంటుందని నా అభిప్రాయం. మీ వంతు కానప్పుడు కూడా పని ఉంటుంది కాబట్టి. మీ ఎడమవైపు కూర్చున్నవాళ్లు కుడివైపు ఉన్నవాళ్ల చివరి బిళ్ల చూపించి "నల్ల 10" అన్నారు. కాదని జవాబు. చాలామంది ఇక్కడ "సరే, తప్పు" అని వదిలేస్తారు. మీరు రెండు రాసుకోండి. ఒకటి, ఆ చివరిది 10 కాదు. రెండు, అడిగినవాళ్ల చేతిలో నల్ల 10 లేదు. చేతిలో ఉన్నదాన్ని ఎవరూ అడగరు కదా. మీ దగ్గరా లేకపోతే అది కుప్పలో ఉండాలి, లేదా కుడివైపు వాళ్ల దగ్గరే ఉండాలి. వాళ్ల దగ్గర ఉంటే దాని తర్వాత ఇంకో నల్లది ఉన్నట్టు, అంటే చివరిది నల్ల 11. ఒక్క తప్పు జవాబులోంచి ఇంత వచ్చింది.

కొందరు గడుసువాళ్లు ఎదుటివాళ్లను తప్పుదారి పట్టించడానికి తమ చేతిలో ఉన్న నంబరునే అడుగుతారు. నియమాల ప్రకారం తప్పేమీ లేదు. కానీ అది ఖాయంగా తప్పయ్యే జవాబు, పందెం బిళ్ల ఖాయంగా పోతుంది. ఇంత ఖరీదైన అబద్ధం ఆడాల్సినంత అవసరం నాకు ఎప్పుడూ కనిపించలేదు.

చేతులను కూడా గమనించండి. కొత్తగా తీసిన బిళ్లను ఎక్కడ పెట్టారో చూస్తే చాలు. రెండు బయటపడ్డ బిళ్లల మధ్య పెట్టారంటే ఇందాకటి ఇరుకు లెక్క వెంటనే వర్తిస్తుంది. పిల్లలైతే పట్టుబడబోతున్న బిళ్ల వైపు కళ్లు తిప్పకుండా ఉండలేరు. దాన్ని వాడుకోవడం న్యాయమా అని మా ఇంట్లో ఇప్పటికీ వాదన నడుస్తోంది. నేను వాడుకుంటాను.

జోకర్లు, ఇతర సర్దుబాట్లు

అలవాటయ్యాక నల్లదొకటి, తెల్లదొకటి రెండు జోకర్ బిళ్లలు చేర్చండి. నంబరు బదులు అడ్డగీత గీస్తే చాలు. జోకర్‌ను వరసలో ఎక్కడైనా పెట్టొచ్చు, పెట్టాక కదపకూడదు. ఎదుటివాళ్లు దాన్ని పట్టుకోవాలంటే నంబరు బదులు "జోకర్" అనాలి. ఇది వచ్చిందంటే ఇంతవరకు నేను చెప్పిన లెక్కలన్నీ కొంచెం కదిలిపోతాయి. చివర గోడ అనుకున్న చోట జోకర్ ఉండొచ్చు, "5 అయి తీరాలి" అన్న చోట కూడా ఉండొచ్చు. కనీసం పది ఆటలు అయ్యేదాకా దీని జోలికి పోవద్దు.

వరస తప్పు పేర్చినట్టు మధ్యలో బయటపడితే ఏం చేయాలో ముందే అనుకోండి. లేకపోతే అదే పెద్ద గొడవ. మేం పెట్టుకున్న నియమం సులువైనది: తప్పు చోట ఉన్న బిళ్లను తెరిచి సరైన చోట పెట్టాలి, ఆట అలాగే సాగుతుంది. తిట్లూ వద్దు, మళ్లీ మొదటి నుంచీ వద్దు.

నలుగురి ఆటలో తొందరగా ఓడినవాళ్లు గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవాల్సి వస్తుంది. వాళ్లకు మిగిలిన ముగ్గురిలో ఒకరి వెనక కూర్చుని, మాట్లాడకుండా చూసే హక్కు ఇవ్వండి. పక్కవాళ్లు ఎలా ఆలోచిస్తున్నారో వెనక నుంచి చూస్తూ పిల్లలు ఎక్కువ నేర్చుకుంటారు, మనం ఎంత చెప్పినా అంత రాదు.

మరీ చిన్నవాళ్లుంటే 0 నుంచి 7 దాకా బిళ్లలే తీసుకుని మనిషికి మూడేసి ఇవ్వండి. అంతకంటే ముందు మెట్టు కూడా ఉంది. 1 నుంచి 100 లోపు ఒక నంబరు మనసులో అనుకుని, వాళ్లు చెప్పినదానికి "ఇంకా పెద్దది", "ఇంకా చిన్నది" అని చెప్పండి. మొదట ఇష్టమొచ్చిన నంబర్లు చెబుతారు. ప్రతిసారీ మిగిలినవాటిలో సరిగ్గా మధ్యది చెబితే ఏడు ప్రశ్నల్లో ఏ నంబరైనా దొరికిపోతుందని వాళ్లంతట వాళ్లు కనిపెట్టేదాకా ఆడించండి. కొట్టేయడం అంటే ఏమిటో ఆ క్షణంలో అర్థమవుతుంది.

బిళ్లలు లేనప్పుడు

ప్రయాణంలో ఉన్నారు, ఇద్దరే ఉన్నారు, రెండు కాగితాలున్నాయి. చాలు. ఇద్దరూ ఒక్కో నాలుగంకెల నంబరు రహస్యంగా రాసుకోండి, ఏ అంకే రెండుసార్లు రాకూడదు. వంతుల వారీగా ఒకరినొకరు ఒక నంబరు అడగాలి. జవాబు రెండు ముక్కల్లో ఉంటుంది: ఎన్ని అంకెలు సరైన చోటే ఉన్నాయి, ఎన్ని అంకెలు ఉన్నాయిగానీ చోటు మారింది. రహస్యం 4071 అయి, అడిగింది 1074 అయితే "రెండు సరైన చోట, రెండు వేరే చోట" అనాలి. ఇంగ్లీషులో దీన్ని బుల్స్ అండ్ కౌస్ అంటారు.

సున్నాతో మొదలైనవి కూడా కలిపి మొత్తం 5040 నంబర్లు కుదురుతాయి. వినడానికి భయంగా ఉన్నా, సరైన పద్ధతిలో వెళ్తే ఏ నంబరైనా ఏడు ప్రశ్నల్లో దొరుకుతుంది. దీని తమ్ముడే రంగు పుల్లల మాస్టర్‌మైండ్, 1970లో మోర్డెకై మైరోవిట్జ్ రూపొందించాడు. ఆరు రంగులు, నాలుగు రంధ్రాలు, 1296 కలయికలు. ఎప్పుడైనా ఐదు ప్రయత్నాల్లోపే పట్టుకోవచ్చని 1977లో కంప్యూటర్ శాస్త్రవేత్త డోనాల్డ్ క్నూత్ లెక్కవేసి చూపించాడు.

మొదటి రెండు ప్రశ్నలకు 1234, 5678 అడగండి. రెండు జవాబుల్లోనూ వచ్చిన లెక్క కలిపితే 4 అయిందా, రహస్యంలో 9, 0 రెండూ లేనట్టు. 3 అయితే ఆ రెంటిలో ఒకటి ఉంది. 2 అయితే రెండూ ఉన్నాయి. మూడో ప్రశ్న నుంచి మీ ఇష్టం. జవాబు చెప్పేవాళ్లు మాత్రం తొందరపడకుండా ఒక్కో అంకె మీద వేలు పెట్టి లెక్కపెట్టాలి. ఇక్కడ ఒక్క తప్పు జవాబు ఇస్తే అడిగేవాళ్లు అరగంట గోడకు తల కొట్టుకున్నట్టే, చివర్లో కాగితం చూపించాక మీ మీద పడతారు.